బ్రేకు పడని కనుమ

మే 12, సోమవారం

ఇవాళ కనుమ దిగుతుంటే బ్రేకు పడలేదు.

రాసి చూస్తే చిన్న మాటలాగే ఉంది. మా పెనలోంగా రోడ్డు పైన కనుమలో కలుస్తుంది. అక్కడి నుంచి ముతారే ఊరిదాకా దిగుడే. గుటి పట్టి ఉంది. ఆ సన్నటి మంచుజల్లులో ముందు పోతున్న దుంగల లారీ ఎర్ర దీపాలు తప్ప ఏమీ కనిపించడం లేదు. రెండో మలుపులో కాలు వేశాను. పెడల్ కదలలేదు. బిగుసుకుపోయింది, రాయిలా. రెండు కాళ్లూ పెట్టి సీటులోంచి పైకి లేచేంతగా తొక్కాను. బండి తన దారిన తను పోతోంది, లారీ దుంగలు దగ్గరికి వస్తున్నాయి. రెండో గేరుకు లాగాను, హ్యాండ్‌బ్రేకు కొంచెం కొంచెంగా ఎత్తాను, కొండవైపు గట్టుకు రాసుకుంటూ పోయి గడ్డిలో ఆగింది. లారీ అతనికి వెనక ఏం జరిగిందో తెలియనే తెలియదు.

ఇంజను ఆపి మళ్లీ వేస్తే పెడల్ మామూలుగా ఉంది.

కోర్టుకు వేళకే చేరాను. పొద్దంతా ఒక ఆవుల దొంగతనం కేసు. ముద్దాయి న్డావు భాషలో చెప్పాడు, నేను ఇంగ్లీషులో చెప్పాను. "ఆవును నేనే తోలుకెళ్లాను, ఆకలేసి" అన్నాను. దుబాసీ పనిలో 'నేను' అంటే నేను కాదు. ఇన్నేళ్లలో ఇవాళ ఒక్కరోజే ఆ మాట తడబడి రెండుసార్లు అన్నాను. ఎవరూ గమనించలేదు.

కొత్త చెప్పులు. బ్రేకు మీంచి అడుగు జారి ఉంటుంది.

మే 13, మంగళవారం

ఫినియస్ బావకు చెప్పాను. ఆయన నవ్వాడు. "ఏం మరదలా, షోకుకి చెప్పులు కొనుక్కుని బ్రేకును ఆడిపోసుకుంటే ఎలా?"

"అయితే చెప్పులు నీకే ఇస్తాను బావా. నువ్వేసుకుని దిగు, చూద్దాం."

"నా కాలికి పట్టవు. మీ అక్కకివ్వు, నన్ను కొట్టడానికి పనికొస్తాయి."

ఆయన పనిచేసే కార్ల షోరూములో అమ్మకాలన్నీ చూసేది ఆయనే. నాకీ మరూల కారు ఇప్పించిందీ ఆయనే. తాళాలు తీసుకుని వర్క్‌షాపుకు పంపించాడు. సాయంత్రానికి ఏ లోపమూ లేదని తిరిగొచ్చింది. కడిగి, లోపల కూడా తుడిపించి మరీ పంపాడు. అమ్మానాన్నా పోయాక అక్క నన్ను వెంటబెట్టుకునే అత్తారింటికి వెళ్లింది. ఆ ఇంట్లో ఎవరికీ లేని ఓపిక ఈయనకు ఉండేది. నా చదువంతా ఆయన చేతిమీదే నడిచింది.

బండి అద్దంలా ఉంది.

మే 16, శుక్రవారం

నాలుగు రోజులుగా బాగానే ఉంది. చెప్పులే.

మే 21, బుధవారం

మళ్లీ. ఈసారి కాలికి పాత బూట్లు.

మే 22, గురువారం

మధ్యాహ్నం సెలవు పెట్టి షోరూముకు వెళ్లాను. నాకంటే ముందు ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు, రిటైరైన హెడ్మాస్టరట. బల్ల దగ్గరున్న అమ్మాయికి చెబుతున్నారు: "అమ్మాయ్, నాకు కాళ్లలో సత్తువ లేదంటున్నావా? ఆ పెడల్ మీద నా భార్య కూడా కాలేసి తొక్కింది. బండరాయి." బావ గదిలోంచి వచ్చి ఆయన్ను భుజం మీద చెయ్యివేసి లోపలికి తీసుకెళ్లాడు. నన్ను చూసి కూడా చూడనట్టు తలుపేశాడు.

తరవాత నన్ను ఎదురుగా ఉన్న టీ కొట్టుకు తీసుకెళ్లాడు. ఈసారి హాస్యాలు లేవు. బ్రేకుకు బలమిచ్చే డబ్బాలో ఒక ముక్క సరిగ్గా లేదని, పొడుగు దిగుడులో అది ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తుందని, తయారుచేసినవాళ్లకూ ఆ సంగతి తెలుసని చెప్పాడు.

"కొత్త ముక్కలు ఓడలో వస్తున్నాయి. అందర్నీ పిలిచి మార్చేస్తాం. ఈలోపు కంగారు పుడితే కొంపలంటుకుంటాయి. నన్ను బ్రాంచి మేనేజర్ని చెయ్యబోతున్నారు, ఈ నెలలోనే. కొన్నాళ్లు ఓపిక పట్టు, సెకెసాయీ."

మరదలా అనలేదు. పేరు పెట్టి పిలిచాడు.

అక్క బండి సంగతేమిటని అడిగాను. అక్కదీ మరూలే, పిల్లలిద్దర్నీ బడికి అందులోనే దింపుతుంది. "అది నేను చూసుకుంటాను" అన్నాడు.

సరే అన్నాను. ఓడ వస్తోందిగా.

మే 26, సోమవారం

ఈ వారం కాంబీ వ్యానులో వెళ్తున్నాను. పదిమంది పట్టే చోట ఇరవైమందిమి. మే వచ్చిందంటే మాకు చలికాలం, బండి తియ్యడం విసుగు. అంతే.

మే 29, గురువారం

కనుమ కింద మా కాంబీ ఆగిపోయింది. రోడ్డంతా అవకాడోలు. కొన్ని దొర్లుతున్నాయి, కొన్ని చక్రాల కింద నలిగి పచ్చగా. పక్కన అమ్ముకునేవాళ్ల తాటాకు పందిళ్లు మూడు ఉండాలి. రెండే ఉన్నాయి. మూడోదానిలోకి ఒక బూడిదరంగు బండి దూరిపోయి ఉంది. డ్రైవరు రోడ్డు మీద కూర్చుని తల పట్టుకుని పోర్చుగీసులో ఏదో అంటున్నాడు. పోలీసులకు అర్థం కావడం లేదు. నాకు ఆ భాషా వచ్చు, అర్థమైంది, కాంబీ కిటికీలోంచి కూడా. దిగలేదు.

మరూల.

మే 30, శుక్రవారం

చనిపోయినామె పేరు ముచనేత. ఇద్దరు పిల్లల తల్లి. స్పీడు అంటున్నారు. గుటి కూడా ఉంది కదా.

జూన్ 3, మంగళవారం

పిలవకుండానే బావ పెనలోంగా వచ్చాడు. టీ కూడా తాగలేదు. నా బండి తీసుకెళ్లి సాయంత్రం తెచ్చిచ్చాడు. ముక్క మార్చారట. ఓడ వచ్చిందా అంటే, వచ్చినట్టే అన్నాడు. కనుమ మీది ప్రమాదం గురించి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, ఇంక భయం లేదు, హాయిగా నడుపుకో అన్నాడు.

పెడల్ వెన్నలా ఉంది. నా బండి బాగుంది. నాకింకేం కావాలి.

జూన్ 5, గురువారం

ఇంకేం కావాలి.

జూన్ 11, బుధవారం

ఆ డ్రైవరు కేసు సోమవారం మా కోర్టుకే వస్తోంది. పేరు అడెలీనో. దేశం సరిహద్దు దాటితే అవతల మానికా ఊళ్లో బడి యూనిఫారాలు కుట్టే కొట్టు ఉంది. నిర్లక్ష్యంగా నడిపి ఒకరి ప్రాణం తీశాడని నేరం. పోర్చుగీసు తెలిసిన దుబాసీలు ఈ జిల్లాలో ఇద్దరం. రెండోవాడు చిపింగెలో ఉన్నాడు, గొంతు జబ్బు. నువ్వే చెయ్యాలి అన్నాడు మా పెద్ద గుమాస్తా.

నాకు కుదరదని చెప్పొచ్చు. ఎందుకు కుదరదో చెప్పాల్సి వస్తుంది. దుబాసీ అంటే గొట్టం. నీళ్లెక్కడివైతే గొట్టానికేం.

జూన్ 15, ఆదివారం

అక్క ఇంట్లో భోజనం. రువింబో అక్క చేతి వేరుశనగ కూర, మొక్కజొన్న పిండి సద్జా ముద్ద. బావ చర్చి నుంచి ఇంకా రాలేదు. నేను ఊరికే, మాటకు మాటగా, నా బండికి ముక్క మార్చారక్కా అన్నాను.

"ఓ, నీకిప్పుడా? మాకు ఈస్టర్ సెలవులకు ముందే మార్చేశారు" అంది అక్క, గిన్నె కడుగుతూ. "మీ బావ ఒక ఆదివారంపూట మెకానిక్‌ని ఇంటికే పిలిపించాడు. పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతాను కదా, ఆయనకు అన్నీ భయాలే."

ఈస్టర్‌కు ముందే.

నా బ్రేకు పోయింది ఈస్టర్ అయిన తరవాత. మొదటిసారి చెప్పినప్పుడు ఆయన నవ్వాడు. చెప్పుల గురించి.

బావ వచ్చేసరికి నేను బయల్దేరిపోయాను. తలనొప్పి అన్నాను. నిజంగానే నొప్పి.

జూన్ 16, సోమవారం

అడెలీనో మనిషి సన్నగా ఉన్నాడు, వేళ్ల చివర సూది గుచ్చుకున్న నల్ల మచ్చలు. నేరం ఒప్పుకుంటావా అంటే ఒప్పుకోనన్నాడు. ఎందుకో చెప్పమన్నారు. ఆయన చెప్పాడు, నేను చెప్పాను:

"నేను వేగంగా రాలేదు. కనుమ పైనుంచీ మెల్లగానే దిగాను. కింద మలుపులో బ్రేకు మీద కాలు వేస్తే పెడల్ రాయైపోయింది. ఎదురుగా బస్సు. బస్సు నిండా మనుషులు. పక్కకు తిప్పాను. ఆమెను నేను చూడలేదు."

మేజిస్ట్రేటు రాసుకున్నారు. చెయ్యి తిరిగిన మనిషి, యాభై దాటినావిడ, కేకలెయ్యడం ఎరగదు. ముందు బెంచీలో చనిపోయినామె తల్లి కూర్చుంది. అందరూ ఎస్తేరి అవ్వ అంటున్నారు. పెడల్ రాయైంది అని నేను అన్నప్పుడు ఆవిడ తలెత్తి ముద్దాయిని కాదు, నన్ను చూసింది.

సాయంత్రం కోర్టు మెట్ల కింద బావ నిలబడి ఉన్నాడు. రేపు ప్రాసిక్యూషన్ తరఫున సాక్ష్యం చెప్పడానికి ఆయన్ను పిలిచారట, ఈ మోడల్ బండ్లలో లోపం లేదని చెప్పడానికి. పైవాళ్లు ఏం చెప్పమన్నారో అదే చెబుతానన్నాడు. మేనేజర్ కుర్చీ రేపో ఎల్లుండో. ఉద్యోగం పోతే పిల్లల బడి, ఇల్లు, అన్నీ.

"నువ్వేం చెయ్యక్కర్లేదు. నిన్నెవరూ ఏమీ అడగరు. నీ పని నువ్వు చేసుకో. పక్కవాళ్ల మాటలు చెప్పడమేగా."

అక్క బండికి ముక్క ఎప్పుడు మార్చావని అడుగుదామనుకున్నాను. రేపు కోర్టు ఎన్నింటికో చెప్పి వచ్చేశాను.

జూన్ 17, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలి.

బావ నీలం సూటులో బోనెక్కాడు. నా వైపు చూడలేదు. ఇంగ్లీషులో ఆయన చెప్పే ప్రతి వాక్యాన్నీ నేను ముద్దాయి పక్కన నిలబడి పోర్చుగీసులో చెప్పాలి. పేరు, ఉద్యోగం, ఎన్నేళ్ల అనుభవం. అన్నీ చెప్పాను. అడెలీనో సాక్షిని చూడటం లేదు, నా నోటినే చూస్తున్నాడు. ముద్దాయిలు అందరూ అంతే. వాళ్లకు సాక్షి ముఖం నాదే.

ఈ మోడల్ బ్రేకుల గురించి కొన్నవాళ్లెవరైనా ఫిర్యాదు చేశారా అని ప్రాసిక్యూటర్ అడిగాడు.

"నాకు అలాంటి ఫిర్యాదు ఒక్కటి కూడా రాలేదు" అన్నాడు బావ.

నేను నోరు తెరిచాను. 'నాకు' అనే మాట దాకా వచ్చాను. అడెలీనో ఎదురుచూస్తున్నాడు. అక్కడితో ఆగిపోయాను.

"దుబాసీగారూ, వినబడలేదా?" అన్నారు మేజిస్ట్రేటు.

"వినబడింది మేడమ్."

"మరి చెప్పండి."

"చెప్పలేను. ఆ మాట నేనంటే అది నా అబద్ధం అవుతుంది. ఫిర్యాదు చేసినదాన్ని నేనే. ఈయనకే చేశాను. సాక్షి మా అక్క భర్త."

ప్రాసిక్యూటర్ లేచి ఏదో అనబోతే మేజిస్ట్రేటు చేతితో ఆపారు. బావ బోను అంచు పట్టుకుని కిందికి చూస్తున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, కోర్టులో పలికిన ప్రతి మాటా ముద్దాయికి తెలియాలి, అది నా విధి. అడెలీనో వైపు తిరిగి నేను ఇప్పుడేమన్నానో పోర్చుగీసులో చెప్పాను. ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. ఏడవలేదు. ఊపిరి వదిలాడు, అంతే.

బంధుత్వం సంగతి ముందే ఎందుకు చెప్పలేదని మేజిస్ట్రేటు నన్ను మందలించారు. తప్పే. కేసు వాయిదా. ఈ కేసులో నేనిక దుబాసీని కాదు, సాక్షిని.

జూన్ 18, బుధవారం

అక్క ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు. తరవాత నేను చేశాను. తను ఎత్తలేదు.

జూన్ 22, ఆదివారం

అక్క వచ్చింది. కాంబీలో. లోపలికి రాకుండా మెట్ల మీదే నిలబడి మొదలుపెట్టింది. అన్నం పెట్టిన మనిషిని నలుగురిలో నిలబెట్టి తల కోశావంది. ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారట. పిల్లలు బడిలో తలెత్తుకోలేకపోతున్నారట. నీ చదువులు మమ్మల్ని బజారుకీడ్చడానికేనా అంది. అన్నీ విన్నాను. అన్నీ నిజమే.

చివరికి ఒక్కటే అడిగాను.

"అక్కా, మీ బండికి ముక్క మార్చింది ఈస్టర్‌కు ముందే కదా."

"అయితే?"

"నా బండి కనుమలో ఆగకుండా పోయింది మే నెలలో. ముందే తెలిసి నీకు మార్చాడు. నాకు చెప్పుల వల్ల అన్నాడు."

అక్క నిలబడినది నిలబడినట్టే మెట్టు మీద కూర్చుంది. "నీకు చెప్పలేదా?" అంది. తరవాత, నాతో కాదు, తనలో తను, "దీన్ని నేను పెంచాను" అంది.

టీ పెట్టి తెచ్చేసరికి వెళ్లిపోయింది.

జూలై 8, మంగళవారం

సాక్ష్యం చెప్పాను. చిపింగె దుబాసీని రప్పించారు. నా మాటలు అతని బొంగురు గొంతులో పోర్చుగీసు అవుతుంటే విన్నాను. రిటైర్డ్ హెడ్మాస్టరు వచ్చి చెప్పారు. పేపర్లో చూసి మరో ఇద్దరు మరూల బండ్లవాళ్లు వచ్చారు. ఒకామె మోకాలికి ఇంకా కట్టు ఉంది.

ప్రాసిక్యూటర్ నన్ను పెద్దగా ఏమీ అడగలేదు. కూర్చోబోతూ మళ్లీ లేచాడు.

"లోపం బండిలోనే ఉందని మీకు కచ్చితంగా ఎప్పుడు తెలిసింది?"

"మే ఇరవై రెండున."

"ప్రమాదం?"

"ఇరవై తొమ్మిదిన."

"మధ్యలో ఎవరికైనా చెప్పారా?"

"లేదు."

అంతేనన్నాడు. చిపింగె దుబాసీ నా 'లేదు'ను పోర్చుగీసులో అన్నాడు. ముందు బెంచీలో ఎస్తేరి అవ్వకు దుబాసీ అక్కర్లేదు. నేను మా షోనా భాషలోనే చెప్పాను.

బావను మళ్లీ బోనెక్కించారు. ఈసారి సూటు లేదు. తయారీదార్ల దగ్గర్నుంచి హెచ్చరిక మార్చిలోనే వచ్చిందని, బయటికి పొక్కనివ్వొద్దని పైవాళ్లు అన్నారని, తను సరేనన్నానని చెప్పాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు మేడమ్, నేనే సరేనన్నాను అన్నాడు. వెనక బెంచీలో అక్క ఉంది. ఆయనను ఆ మాట చెప్పడానికి తీసుకొచ్చింది తనేనని నాకు అప్పుడు అర్థమైంది. ఇద్దరూ వేర్వేరుగా వెళ్లారు. అక్క కాంబీలో. బావ నడిచి.

జూలై 24, గురువారం

అడెలీనోను వదిలేశారు. షోరూము వెనక పెరట్లో మరూలలు వరసగా నిలబెట్టి ఉన్నాయి, వెనక్కి పిలిపించినవి. నాదీ అందులోనే. బావ మీద, ఆయన పైవాళ్ల మీద పోలీసులు వేరే కేసు పెడుతున్నారు. అక్క ఫోన్ చేసి పిల్లల పరీక్షల గురించి చెప్పింది. ఇంకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. అయినా ఫోన్ చేసింది.

ఆగస్టు 2, శనివారం

అడెలీనో మానికా నుంచి వాళ్ల మేనమామతో వచ్చాడు. కోర్టు వదిలేసినా, తన చేతుల్లో ఒక ప్రాణం పోయింది. ఆ ఇంటికి వెళ్లి నేల మీద కూర్చుని చెప్పుకోకపోతే నిద్ర పట్టదన్నాడు. వాళ్ల మాట అవ్వకు, అవ్వ మాట వాళ్లకు చెప్పడానికి రమ్మని నన్ను అడిగాడు. మీకంటే నా సంగతి ఎవరికి తెలుసు అన్నాడు.

జిమున్యాలో అవ్వ ఇల్లు. వాకిట్లో చాప వేశారు. అవ్వ తమ్ముళ్లు ముక్కాలి పీటల మీద కూర్చున్నారు. ముచనేత పిల్లలిద్దరూ వంటగది గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. అరచేతులు మెల్లగా తట్టి దండాలు పెట్టాం. అడెలీనో చెప్పాడు. మొదట బస్సు గురించి మొదలుపెట్టి, వద్దని ఆపేసి, "మీ కూతురిని నేను చూడలేదమ్మా, చూసి ఉంటే ఎటు తిప్పేవాణ్నో నాకు తెలియదు" అన్నాడు. నేను చెప్పాను. అవ్వ తలూపింది. "విన్నానని చెప్పు" అంది. చెప్పాను.

మేనమామ తెచ్చిన దుప్పటి, గుడ్డల మూట అందించారు. పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు. అటూ ఇటూ చెబుతూ పోయాను. ఇంక లేస్తామనుకుంటుండగా అవ్వ నా వైపు తిరిగింది.

"ఇతని మాట అయింది. నీ మాట ఏది?"

కోర్టులో ఆవిడ విన్నదే. అయినా చెప్పాలి. చెప్పాను.

"నాకు ముందే తెలుసు అవ్వా. మా బావ వద్దన్నాడని ఊరుకున్నాను. నేను కాంబీలో తిరిగాను. ముచనేత రోడ్డు పక్కన కూర్చుంది."

అడెలీనో ఏమన్నారని మెల్లగా అడిగాడు. అదీ చెప్పాను, పోర్చుగీసులో. ఆయన తల దించుకున్నాడు.

అవ్వ లేచి వంటగదిలోకి వెళ్లింది. ఎంతకీ రాలేదు. తమ్ముళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను లేవబోయాను, ఎవరో వద్దని సైగ చేశారు. అవ్వ సద్జా గిన్నె పిల్లల చేత పట్టించుకుని వచ్చింది. తన చేతిలో చెంబు, పళ్లెం. ముందు అడెలీనో దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని అతని చేతుల మీద నీళ్లు పోసింది. అతను ఏడుస్తూ కడుక్కున్నాడు.

తరవాత నా ముందు నిలబడింది. నేను చేతులు చాచలేదు. చాచే ముఖం లేదు. అవ్వ నా చేతుల మీద నీళ్లు పొయ్యలేదు.

చెంబు నా చేతిలో పెట్టింది.

"నాకు మోకాళ్లు నొప్పి" అంది. "మిగతావాళ్లకు నువ్వు పొయ్యి."

తినే ముందు అందరికీ నీళ్లు పొయ్యడం మా ఇళ్లలో కూతురి పని. గుమ్మంలోని పిల్లలు నన్నే చూస్తున్నారు. పెద్ద తమ్ముడి ముందు మోకాళ్ల మీద కూర్చుని మొదలుపెట్టాను.